ఇంటి గుర్తు

ఆ ఉద్యోగం నాకెలా వచ్చిందో ముందు చెప్పాలి. అది దాచిపెట్టి మిగతాదంతా చెబితే నేనేదో న్యాయం పక్షాన నిలబడిన మనిషిలా కనిపిస్తాను. అలా కనిపించే అర్హత నాకు లేదు.

మాది గోరంట్ల దగ్గర పల్లె. తాతల కాలం నుంచి భూములున్న ఇల్లు. మా చదువుల కోసం నాయన హిందూపురంలో కాపురం పెట్టాడు. ఎంబీఏ అయిపోయాక ఏడాది పాటు ఇంట్లోనే ఉన్నాను. అప్పటికే పెనుకొండకూ హిందూపురానికీ మధ్య రోడ్డు పక్కన చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు చాలా వచ్చాయి. మా మేనమామ దానిమ్మ తోటకు ఆనుకుని ఒక కంపెనీ గోడ కట్టింది. బండ్లకు కావలసిన ఇనుప విడిభాగాలు అక్కడ తయారవుతాయి. ఆ కంపెనీ హెచ్‌ఆర్ మేనేజరుతో మామకు పరిచయం. మామ ఒక ఫోన్ చేశాడు.

మేనేజరుది బెంగళూరు. ‘చూడమ్మా’ అనడానికి ‘నోడమ్మా’ అని కన్నడంలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి వచ్చేవాడు. నేను సర్టిఫికెట్ల ఫైలు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తెరవలేదు.

"మీ మామగారి తోట ఈసారి కాపు ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుండాది సార్."

"సోమవారం నుంచి వచ్చేయండి."

అంతే నా ఇంటర్వ్యూ. ఇంటికొచ్చి ఇంటర్వ్యూలో నెగ్గానని చెప్పాను. అమ్మ పాయసం చేసింది. నాకూ ఎక్కడా అనుమానం రాలేదు. నా తెలివితోనే వచ్చిందనుకున్నాను. ఆ పాయసం తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

నాకిచ్చిన పని ఫోన్లు చేయడం. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి పరీక్ష రాసినవాళ్ల జాబితా ఒకటి ఉండేది. పేరు, తండ్రి పేరు, చదువు, ఊరు, ఫోన్ నంబరు. చివరి గడి ఖాళీగా ఉండేది. దాని పైన ‘ఇంటి గుర్తు’ అని రాసి ఉండేది.

"నోడమ్మా, పల్లెలకు పంపిన ఉత్తరాలు తిరిగి వచ్చేస్తాయి. ఇంటికి గుర్తు ఏముందో అడిగి రాయి. నువ్వు ఈ ఊర్ల దానివి, నీ భాషలో అడిగితే చెప్తారు" అన్నాడు మేనేజరు.

అడిగాను. నా సొంత ఫోన్ నుంచే, రోజుకు ఇరవై ముప్పై మందిని. "మీ ఊర్లో యాడప్పా ఇల్లు? పక్కన ఏముండాది?" అనేదాన్ని. రామాలయం ఎదురుగా అనేవాడొకడు. పాల సెంటర్ పక్క సందు అనేదొకామె. చర్చి వెనకాల, కాలనీలో వాటర్ ట్యాంకు కింద, ఊరి బయట కొత్త ఇండ్ల కాడ అనేవాళ్లు ఇంకొందరు. అందరివీ శ్రద్ధగా రాసేదాన్ని.

మూడో వారంలో అనుకుంటా, మేనేజరు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక గడి మీద వేలు పెట్టి, "ఈ కొత్త కాలనీ ఎట్లాంటిది?" అన్నాడు.

"అది వాళ్లది సార్."

"వాళ్లంటే?"

"ఎస్సీలది."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! టైమెంతయిందని అడిగితే చెప్పినట్లు చెప్పాను. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి ఆ పేరు పక్కన చిన్న చుక్క పెట్టాడు. చుక్క పడిన దరఖాస్తులు కింది సొరుగులోకి పోయేవి. చుక్క పడనివి పైకి పోయేవి.

మా ఇండ్లలో ఎవరూ కులం అడగరు. అడగడం మోటు. "ఊర్లో యాడ?" అంటారు. చెప్పినవాడికీ అర్థమైపోతుంది, అడిగినవాడికీ అర్థమైపోతుంది, ఎవరి మర్యాదా చెడదు. తెలిసీ తెలియనట్లుండే ఈ విద్యను మాకు నడక కంటే ముందు నేర్పుతారు. కాబట్టి ఆ చుక్క ఎందుకో నాకు తెలియదని ఇప్పుడు చెబితే అబద్ధం. నాకు తెలుసు. తెలిసే రాశాను. ఆ తర్వాతి వారం నుంచి ఆయన అడగకముందే గడి పక్కన అది ఎవరి కాలనీయో ఒక మాట చేర్చడం కూడా మొదలుపెట్టాను, ఆయనకు పని తగ్గుతుందని.

ఒకసారి మాత్రం, ఎందుకు సార్ ఇదంతా అని అడిగాను. ఆయనకేమీ ఇబ్బంది అనిపించలేదు. "అందరికీ ఒకటే హాస్టలు, ఒకటే క్యాంటీను. రేపు ఎవరి మధ్యనో మాటామాటా వస్తే కేసు ఇంకో రకంగా పోతుంది. కంపెనీకి ఆ తలనొప్పి ఎందుకు? మనకు కలిసిపోయే మనుషులు కావాలి" అన్నాడు. కలిసిపోయే మనుషులు! ఎవరితో ఎవరు కలవాలో, ఎవరిలోకి ఎవరు కలిసిపోవాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

అదే గేటులోంచి రోజూ పొద్దున ఊడ్చేవాళ్లు, లోడు ఎత్తేవాళ్లు లోపలికి వచ్చేవాళ్లు. వాళ్లను కాంట్రాక్టరు తెచ్చేవాడు. వాళ్లలో ఒక్కరికి కూడా ఇంటి గుర్తు అడగమని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యలోనే, మా దగ్గర సరుకు కొనే పెద్ద కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తున్నారని హడావుడి మొదలైంది. గోడకు తగిలించడానికి ఒక బోర్డు కావాలన్నారు. మేనేజరు ఇంగ్లీషులో ఉన్న నాలుగు లైన్లు ఇచ్చి తెలుగు చేయమన్నాడు. "ఈ సంస్థ కులం, మతం, లింగం, ప్రాంతం చూడకుండా అందరికీ సమాన అవకాశాలు కల్పిస్తుంది" అని రాశాను. ‘ఇస్తుంది’ అనాలా ‘కల్పిస్తుంది’ అనాలా అని అరపూట ఆలోచించాను. చివరికి ‘కల్పిస్తుంది’ బాగుందనుకున్నాను. తెలుగులో కల్పించడమంటే ఏర్పాటు చేయడమే కాదు, లేనిదాన్ని ఉన్నట్లు చెప్పడం కూడా. అప్పుడు నాకది తట్టలేదు. బోర్డు ముందు నిలబడి అందరం ఫోటో దిగాం.

తనిఖీ అయిన నెలకు క్వాలిటీ విభాగంలో ఆరు ఖాళీలు వచ్చాయి. తయారైన ముక్కల్ని కొలిచి, సరిగ్గా ఉన్నదీ లేనిదీ తేల్చే పని. పరీక్షకు నలభై మంది దాకా వచ్చారు. ఆడపిల్లలు ఐదుగురో ఆరుగురో. వాళ్లలో బుక్కపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. మెకానికల్ డిప్లొమా చదివింది. సన్నగా, పొడుగ్గా, జడ బిగించి అల్లుకుని, మాట తక్కువగా ఉంది. తోడుగా వాళ్లమ్మ వచ్చి గేటు బయట వేపచెట్టు కింద కూర్చుంది.

రాత పరీక్ష అయ్యాక కొలతల పరీక్ష. మైక్రోమీటరు ఇచ్చి పది ఇనుప ముక్కల మందం కొలవమన్నారు. ఆ పరీక్ష పెట్టింది క్వాలిటీ ఇన్‌చార్జి. తమిళాయన, పెద్దవయసు, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. నేను పక్కన నిలబడి పేర్లు పిలుస్తున్నాను. ఆ పిల్ల మొదటి ముక్క ముట్టుకోకుండా ఉత్త మైక్రోమీటరునే మూసి, తెరిచి, మళ్లీ మూసి చూస్తోంది.

"ఏమ్మా, కొలవడం లేదే?" అన్నాడాయన.

"సార్, దీన్ని మూస్తే సున్న కాడ నిలబడల్ల గదా. ఇది రెండు గీతలు ముందుకు చూపిస్తాండాది. దీంతో కొలిస్తే పదీ తప్పే వస్తాయి" అంది.

ఆయన తీసుకుని కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు. ఆమె కంటే ముందు ఇరవై మంది అదే పరికరంతో కొలిచి వెళ్లారు. ఒక్కరూ చూసుకోలేదు. ఆయన కూడా చూసుకోలేదు. ఆయన ముఖంలో సిగ్గు, ఆ వెనకే పెద్ద నవ్వు వచ్చాయి. "ఇంకోటి తీసుకోమ్మా" అని వేరే పరికరం ఇచ్చాడు. పదికి పదీ సరిగ్గా చెప్పింది. ముందు వెళ్లిన ఇరవై మందినీ వెనక్కి పిలిచి మళ్లీ కొలిపించారు. సాయంత్రం మార్కుల షీటులో ఆ పిల్ల పేరు అన్నిటికంటే పైన ఉంది. "ఈ అమ్మాయి నాకు కావాలి. మిగతా ఐదుగురు ఎవరైనా సరే" అని ఆయన నాతో చెప్పి వెళ్లాడు.

మరునాడు నేను ఫోన్లు మొదలుపెట్టాను. ఆమెకూ చేశాను.

"ఇంటి గుర్తు చెప్పమ్మా" అన్నాను.

"ఊరు, డోర్ నంబరు రాసిచ్చినా గదక్కా."

"గుర్తు కూడా కావల్ల. ఉత్తరం పంపితే తిరిగి రాకుండా."

"మా పోస్టుమ్యాన్‌కు మా ఇల్లు తెలుసు. ఎప్పుడూ ఏదీ తిరిగిపోలేదు."

"అందరినీ అడుగుతాండాం. ఊర్లో యాడ ఇల్లు? పక్కన ఏముండాది?"

 ఆమె మెల్లగా, ఒక్కో మాట విడివిడిగా చెప్పింది.

"మీరడిగేది గుర్తు కాదులే అక్కా. రాసుకోండి. ఎస్సీ కాలనీ. చర్చి పక్కన మూడో ఇల్లు."

నా చెవులు కాలిపోయాయి. అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు. సిగ్గని రాసుకోవాలని ఉంది కానీ కాదు. కోపం. ఆ పిల్ల మీదే కోపం. ఎంత పొగరు, మర్యాదగా అడిగితే ఇలాగా జవాబు చెప్పేది అనుకున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్లు గడిలో రాశాను. నా చేత్తోనే.

మధ్యాహ్నానికి చుక్క పడింది. తుది జాబితాలో ఆమె పేరు లేదు. ఆమె కంటే చాలా కింద ఉన్నవాడొకడు పైకి వచ్చాడు. వాళ్ల ఇంటి గుర్తు పాల సెంటర్.

క్వాలిటీ ఇన్‌చార్జి జాబితా పట్టుకుని మా గదిలోకి వచ్చాడు. నేను ఆయనను అంత కోపంగా ఎన్నడూ చూడలేదు.

"మొదటి పేరు ఏమైంది?"

"ఆ అమ్మాయి టీమ్‌లో కలవదు సార్" అన్నాడు మేనేజరు.

"నేను టీమ్‌లోకి తీసుకునేది కళ్లను. ఆమెకు కళ్లున్నాయి. మీరు పంపిన వీళ్లకు లేవు."

"మీరు ముక్కల్ని చూసుకోండి. మనుషుల్ని మేం చూసుకుంటాం."

 ముసలాయన నా వైపు చూశాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను. ఆయన వెళ్లిపోయాడు. నేను ఆమెకు ఉత్తరం టైపు చేశాను. ‘ప్రస్తుతం మీ అర్హతలు మా అవసరాలకు సరిపోలేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.’ ఆ ఉత్తరాల కింద ఎప్పుడూ అచ్చయి ఉండే లైను ఒకటుంది. అందరికీ సమాన అవకాశాలు కల్పిస్తామని. ఉత్తరం తిరిగి రాలేదు. నేరుగా చేరింది.

నాలుగో రోజు గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "ఎవరో తల్లీకూతుర్లు వచ్చినారు మేడమ్. మీతో మాట్లాడల్లంట. పొమ్మన్నా పోవడం లేదు."

వెళ్లాను. ఎండలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. బుక్కపట్నం నుంచి బస్సులు మారి, రోడ్డు మీద దిగి నడిచి వచ్చినట్లున్నారు. కూతురి చేతిలో నేను పంపిన ఉత్తరం ఉంది.

"నా అర్హత ఏది సరిపోలేదక్కా? డిప్లొమా సరిపోలేదా, మార్కులు సరిపోలేదా?"

"అది పై వాళ్ల నిర్ణయమమ్మా."

"అయితే నా మార్కులు చూపించండి."

"చూపించేదానికి లేదు."

"ఎందుకు వద్దన్నారో ఒక కాగితం మీద రాసివ్వండి. తీసుకుని పోతా. మళ్లీ రాను."

 వాళ్లమ్మ ముందుకొచ్చింది. "ఏమమ్మా, మా పిల్ల ఏం తప్పు చేసిందో చెప్పు తల్లీ. దిద్దుకుంటాది" అంది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే ఏదో తప్పు జరిగిందేమో, చెబితే దిద్దుకోవచ్చేమో అనే ఆశ ఉంది. అది వినడం కష్టమైంది.

అప్పుడే ఊడ్చేవాళ్లను తెచ్చే కాంట్రాక్టరు మనిషి బండి మీద గేటులోకి వస్తూ ఆగాడు. ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏమ్మే, పనికొచ్చినారా? క్లీనింగ్‌లో రెండు ఖాళీలుండాయి. రేపట్నుంచి వస్తారా?" అన్నాడు. వాడికి వాళ్లెవరో చెప్పినవాళ్లు లేరు. ఏ గడీ నింపకుండానే వాడికి తెలిసిపోయింది.

ఆ పిల్ల వాడికి జవాబివ్వలేదు. నాకే ఇచ్చింది.

"చూసినారా అక్కా, ఆయనకు నా అర్హత సరిపోయింది. ఊడ్చేది తప్పని నేననను. మాయమ్మ బడి ఊడ్చే నన్ను చదివించింది. కానీ ఊడ్చేదానికైతే నాతో పరీక్ష ఎందుకు రాయించినారు?"

ఇద్దరూ రోడ్డు వైపు నడిచి వెళ్లారు. వెనక్కి తిరిగి చూడలేదు.

లోపలికి వచ్చి మేనేజరు ముందు నిలబడ్డాను. "సార్, మనం చేసింది తప్పు. ఆ పిల్లే అందరికంటే ముందుంది" అన్నాను. ఆయన కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"నోడమ్మా, నాకు ఈ ఊర్లు తెలుసా? ఏ కాలనీ ఎవరిదో నాకేం తెలుసు? అన్నీ నువ్వే కదా చెప్పింది. నీ రాతే కదా అక్కడుంది."

నిజమే.  బయటి ఊరి మనిషికి మా పల్లెల గోడలు కనిపించవు. అవి చూపించడానికే నన్ను పెట్టుకున్నాడు. నేను చదివిన ఎంబీఏ ఆ కంపెనీకి అక్కర్లేదు. మా ఇంట్లో నేర్పిన విద్యకే అక్కడ ఉద్యోగం.

ఆ సాయంత్రం అన్నం తింటున్నప్పుడు నాయనకు జరిగింది చెప్పాను. నాయన చెడ్డమనిషి కాదు. ఎవరినీ నోరు జారి ఒక మాట అనడు.

"వాళ్లకు గవర్నమెంటులో రిజర్వేషన్ ఉండాది గదమ్మా. ప్రైవేటు కంపెనీ వాళ్లు వాళ్లకు నచ్చినోళ్లను పెట్టుకుంటారు. నీకెందుకు ఆ రంపు, ఆ గొడవ?" అన్నాడు.

"నాకెట్ల వచ్చింది నాయనా ఉద్యోగం?"

"నువ్వు చదువుకున్న్యావు."

"ఫైలు కూడా తెరవలేదు. మామ తోటలో కాయలెట్ల కాసినాయని అడిగినాడు, అంతే. అది రిజర్వేషన్ కాదా? ఆ పిల్లకు పరీక్షలో ఫస్టొచ్చినా చాలలేదు. నాకు మామ ఫోన్ చాలింది."

"అది వేరే."

"ఎట్ల వేరే?"

 నాయన లేచి చేయి కడుక్కున్నాడు. ఆ తర్వాత వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అమ్మ మాత్రం, "ఉన్న ఉద్యోగం పోగొట్టుకోవద్దు" అంది.

రెండు రోజులు ఆఫీసుకు వెళ్లి ఉత్తినే కూర్చున్నాను. మూడో రోజు మార్కుల షీటు, ఇంటి గుర్తు గడి ఉన్న కాగితం, రెండిటికీ జిరాక్సు తీశాను. ఆదివారం బస్సెక్కి ఆమె ఊరికి వెళ్లాను. నేనే రాసుకున్న గుర్తు పట్టుకుని ఆ ఇల్లు వెతుక్కుంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె గడపలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మనలేదు. రమ్మనాలని నేను ఎదురుచూడకూడదు కూడా. కాగితాలు ఇచ్చాను. నిలబడే చదివింది.

"ఈ చుక్క పెట్టిందెవరు?"

"మేనేజరు."

"ఈ రాత?"

"నాది."

ఆమె తలెత్తి నన్ను చూసింది. కొడుతుందేమో అనిపించింది. కొట్టినా బాగుండేది.

"ఈ కాగితాలు నేను దొంగిలించినానంటారు. ఈ గడి ఎందుకుండాదో, చుక్క ఎందుకు పెడ్తారో మీరు రాసి సంతకం పెడ్తారా?"

భయమేసింది. ఉద్యోగం, మామ, నాయన, అందరూ కళ్ల ముందుకు వచ్చారు. వాళ్లమ్మ లోపలి నుంచి తెల్ల కాగితం, పెన్ను తెచ్చి అరుగు మీద పెట్టింది. అక్కడే కూర్చుని రాశాను. నేను ఏమడిగానో, ఎందుకడిగానో, ఆ తర్వాత ఏం జరిగేదో రాసి కింద సంతకం పెట్టాను. రెండు వైపులా నిండింది. ఆమె మొత్తం చదివి, "‘తెలియక చేశాను’ అని ఒకచోట రాసినారు. అది కొట్టేయండి" అంది. కొట్టేశాను.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోట ఆమె ఆ కాగితాలు ఇచ్చింది. అధికారులు కంపెనీకి ఉత్తరం రాసి సంజాయిషీ అడిగారు. కంపెనీ జవాబు పది రోజుల్లో వచ్చింది. ఇంటి గుర్తు గడి ఒక ఉద్యోగిని తన సొంత ఆలోచనతో పెట్టుకున్నదట. యాజమాన్యానికి సంబంధం లేదట. ఆ ఉద్యోగినిని విధుల నుంచి తొలగించారట. ఆ ఉద్యోగిని నేను. మేనేజరుకు ఏమీ కాలేదు. ఆ ఆరు పోస్టులూ ముందు తీసుకున్న ఆరుగురికే ఉన్నాయి. గోడ మీద నేను తెలుగు చేసిన బోర్డు ఉంది.

క్వాలిటీ ఇన్‌చార్జిని కూడా సాక్ష్యం రాసివ్వమని అడిగాను. "రెండేళ్లమ్మా, ఇంకా రెండేళ్లుంది నాకు" అని తల వంచుకున్నాడు. కానీ హిందూపురం పారిశ్రామికవాడలో తనకు తెలిసిన ఒక చిన్న కంపెనీకి ఫోన్ చేసి ఆ పిల్లకు పరీక్ష పెట్టమన్నాడు. ఆమె వెళ్లింది, రాసింది, ఉద్యోగం వచ్చింది. న్యాయంగా ఉన్న చోటికి చేరడానికి కూడా ఆమెకు ఒకరి ఫోన్ కావలసి వచ్చింది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

నాకు ఎనిమిది నెలలు ఎక్కడా పని దొరకలేదు. ఎక్కడికి వెళ్లినా పాత కంపెనీకి ఫోన్ చేసి అడిగేవాళ్లు. గొడవలు పెట్టే మనిషని చెప్పేవాళ్లు. మామ మా ఇంటికి రావడం మానేశాడు. ఇదంతా చెప్పి జాలి సంపాదించుకోవాలని లేదు. ఎందుకంటే ఎనిమిది నెలల తర్వాత ధర్మవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే పని వచ్చింది. ఎలా వచ్చింది? ఆ కాలేజీ యజమాని మా పిన్ని తోడికోడలికి అన్న. నా శిక్ష కూడా అంత మెత్తగా ఉంది.

రోజూ హిందూపురం నుంచి ధర్మవరానికి రైల్లో వెళ్లి వస్తుంటాను. కిందటేడు ఒక సాయంత్రం ధర్మవరం స్టేషన్‌లో ఆమె కనిపించింది. స్నేహితురాలి పెళ్లికి చీర కొనడానికి వచ్చిందట, చేతిలో చీరల షాపు కవరు ఉంది. నేనే దగ్గరికి వెళ్లి పలకరించాను. ఉద్యోగం ఎలా ఉందంటే, "పని బాగుండాది. భోజనాల కాడ కొందరు జరిగి కూర్చుంటారు. కూర్చోనీ" అంది. చాలా రోజులుగా నోట్లో ఉన్న క్షమాపణ చెప్పాను. ఆమె వినిపించుకున్నట్లు లేదు. వేరే సంగతి అడిగింది.

"ఆ సొరుగులో నా ఒక్కదాని కాగితమే ఉన్న్యాదా?"

"కాదు. చానా ఉండె."

"వాళ్లకు చెప్పినారా?"

చెప్పలేదు. ఒక్కరికీ చెప్పలేదు. ఆమె గేటు దగ్గరికి వచ్చి నిలబడింది కాబట్టి ఆమె కాగితం తెచ్చాను. రానివాళ్లు సొరుగులోనే ఉండిపోయారు. రెండేళ్లలో ఆ ఆలోచనే నాకు రాలేదు.

ఆమె కవరులోంచి బిల్లు తీసి వెనక్కి తిప్పి పెన్ను ఇచ్చింది. "గుర్తుండేవి రాయండి." బెంచీ మీద కూర్చుని రాశాను. ఊర్లు గుర్తొచ్చాయి, చదువులు గుర్తొచ్చాయి, పేర్లు సగమే గుర్తొచ్చాయి. తొమ్మిది అయ్యాయి. ఆమె దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని కాగితం నాకే ఇచ్చింది. "మీరు మొదలుపెట్టండి, నాకు దొరికినోళ్లకు నేను చెప్తా" అని ప్లాట్‌ఫాం అవతలి చివరికి వెళ్లింది.

నా ఫోన్‌లో పాత నంబర్లు కొన్ని మిగిలి ఉన్నాయి. మొదట దొరికింది తాడిమర్రి దగ్గరి అతను. ఐటీఐలో ఫిట్టర్ చేశాడు. నేనెవరో, అప్పుడు ఏం జరిగిందో చెప్పాను.  వెనక ఆటో ఇంజను శబ్దం వినిపిస్తోంది.

"పరీక్ష తప్పినాననుకున్న్యానక్కా. మా నాయన ఇప్పటికీ అంటాడు, సరిగ్గా చదవలేదని. ఆ తర్వాత ఇంక యాడా రాయలేదు, ఆటో తోల్తాండా" అన్నాడు.

"నువ్వు తప్పలేదు. పాసయినావు. మంచి మార్కులే వచ్చినాయి."

ఇంజను ఆగింది. "ఉండక్కా, నాయన ఈడనే ఉండాడు. స్పీకర్ పెడ్తా. ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను. అవతల నుంచి పెద్దాయన గొంతు వచ్చింది.

"పాసయి ఉంటే మరి ఎందుకు పిలవలేదమ్మా?"

"ఇల్లు యాడుండాదో చూసి పక్కన పెట్టినారు. ఇల్లు యాడుండాదో చెప్పింది నేను."

 ఫోన్ పెట్టేశారు. నేను బిల్లు వెనక రాసిన రెండో పేరు ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను.